పాటలో ఉన్నారు, అట్ట మీద లేరు

2002 జూన్ 27న ‘ద హూ’ రాక్ బృందం బాస్ గిటారిస్టు జాన్ ఎంట్విజిల్ లాస్ వేగాస్‌లోని హోటల్ గదిలో చనిపోయాడు. మర్నాడు అదే ఊళ్లో వాళ్ల అమెరికా పర్యటన మొదలుకావాలి. మొదటి కచేరీలు వాయిదా వేసుకుని, జులై 1న హాలీవుడ్ బౌల్‌లో బృందం వేదిక ఎక్కేసరికి ఆయన చోట పీనో పల్లాడీనో నిలబడి ఉన్నాడు. ఎనభైల్లో పాల్ యంగ్ పాప్ పాటలకు జారుడు గమకాలతో బాస్ వాయించిందీ, 2000లో డి’యాంజెలో ‘వూడూ’ ఆల్బమ్‌లో తాళానికి కావాలనే రవ్వంత వెనకబడి నడిచిందీ ఇతనే. పోయిన ఎంట్విజిల్‌ది ఉరుము లాంటి వాయింపు. ఈ మూడింటికీ ఎక్కడా పొంతన లేదు. నాలుగు దశాబ్దాలకు దగ్గరపడ్డ బృందం పాటల్ని నాలుగు రోజుల్లో ఒంటబట్టించుకోవడమే ఇతని వృత్తి. స్టూడియోల్లో, పర్యటనల్లో ఇతరుల కోసం వాయించే ఇలాంటివాళ్లను ‘ఏదిస్తే అది వాయిస్తాడు’ అని మెచ్చుకుంటాం. వాళ్లకు జరిగిన నష్టానికి మూలం ఆ మెచ్చుకోలులోనే ఉందని నా అభిప్రాయం. ఏదైనా వాయించగలడన్న మాట, డబ్బులిచ్చే చోట ఎవరైనా వాయించగలరన్న లెక్కగా మారిపోతుంది.

అసలు ఆ పనేమిటో దగ్గర్నుంచి చూద్దాం. అమెరికా సంగీతకారుల సంఘం నిబంధనల ప్రకారం మామూలు రికార్డింగ్ సెషన్ మూడు గంటలు. అందులోంచి వాడుకోదగిన సంగీతం 15 నిమిషాలకు మించకూడదు. అంటే నిన్నటిదాకా వినని మూడు నాలుగు పాటలు ఒక్క పూటలో తయారవ్వాలి. నాష్‌విల్ స్టూడియోల్లో దీనికి చక్కటి ఉపాయం పుట్టింది. కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) పేర్లు రాయకుండా 1, 4, 5 అని అంకెలు వేసుకుంటారు. గాయకుడికి పై స్థాయి అందక శ్రుతి దించమంటే కాగితం మీద ఒక్క గీతా మార్చనక్కర్లేదు. శ్రుతి ఒకటైనా ఒకటిన్నరైనా సరిగమలు సరిగమలే అని తెలిసిన మనకు ఇందులో వింతేమీ కనపడదు. కార్డులతో పెరిగిన వాళ్లకు మాత్రం అది పెద్ద వెసులుబాటు. కారల్ కే జాజ్ గిటారిస్టు. 1963లో క్యాపిటల్ స్టూడియోకు బాస్ వాయించాల్సిన మనిషి రాకపోతే ఆ వాద్యం ఆమె అందుకుంది. లాస్ ఏంజెలెస్‌లో ఆ దశాబ్దపు హిట్ పాటల్లో ఆమె బాస్ లెక్కలేనన్ని చోట్ల వినిపిస్తుంది. అక్కడే గిటారు వాయించే గ్లెన్ క్యాంప్‌బెల్, 1964 చివర్లో బీచ్ బాయ్స్ బృందంలోని బ్రయన్ విల్సన్ పర్యటన మానుకుంటే, వాళ్లతో వెళ్లి బాస్ వాయిస్తూ ఆయన పై గొంతు భాగాలు కూడా పాడాడు. పది రకాల బాణీలు రావడం ఒక ఎత్తు. ఈ పాటకు వాటిలో తొమ్మిది అక్కర్లేదని ఒక్కసారి విని పోల్చుకోవడం ఇంకో ఎత్తు, కూలి నిజంగా దానికే ఇవ్వాలి.

పైగా వీళ్లు రాసిచ్చింది చదివి ఊరుకునేవాళ్లు కారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ బాస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగ మీటేవాడు. ముందున్న కాగితంలో చాలాసార్లు కార్డులే ఉండేవి. వాటి మధ్య నడక అంతా అతని కల్పన. అరవైల్లో వచ్చిన ఎన్నో మోటౌన్ పాటల్ని ఈనాటికీ జనం ఆ బాస్‌ను బట్టే గుర్తుపడతారు. కానీ ఒక ప్రధాన మోటౌన్ ఆల్బమ్ అట్ట మీద అతని పేరు పడటానికి 1971 దాకా, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా ఆగాల్సి వచ్చింది. 1983లో 47 ఏళ్లకే పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది 2000లో. లండన్‌లో ఇంకో సంగతి. 1973లో పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం పిలిస్తే వెళ్లిన గాయని క్లేర్ టోరీకి పాడటానికి మాటలు లేవు, వరసా లేదు. అప్పటికప్పుడు గొంతుతో కట్టిన ఆలాపనకు 30 పౌండ్లు ఇచ్చి పంపారు. 2004లో ఆమె కోర్టుకెక్కింది. మరుసటి ఏడు రాజీ కుదిరాక ఆ పాటకు సహ స్వరకర్తగా ఆమె పేరు వేయడం మొదలైంది.

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న తెలిసిందే: ఒప్పుకున్న కూలి తీసుకున్నాక ఇంకేం హక్కు? ఇల్లు కట్టిన మేస్త్రీ అద్దెలో వాటా అడుగుతాడా? ఈ వాదనను కొట్టిపారేయలేం. కానీ గీత రచయితలు, సంగీత దర్శకులు కూడా మన దగ్గర చాలాకాలం ఒక్కసారి డబ్బు పుచ్చుకుని హక్కులన్నీ రాసిచ్చినవాళ్లే. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించి, వాళ్ల రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చినా చెల్లదంది. మేస్త్రీ పోలిక వాళ్లకు వర్తించనప్పుడు, పాటను పోల్చుకునేలా చేసిన వేళ్లకే ఎందుకు వర్తించాలి? సరే, నలభై వయొలిన్లలో ఎవరి వాటా ఎంతని తేల్చడం కుదరదంటారు. అమెరికాలో అది తేల్చకుండానే పని జరుపుతున్నారు. 1964 నుంచి రికార్డు కంపెనీలు ఒక నిధికి డబ్బు కడతాయి. ఇటీవలి ఏళ్లలో ఎవరు సెషన్లలో ఎంత సంపాదించారో ఆ నిష్పత్తిలో అది పంచుతారు. డిజిటల్ రేడియో రాయల్టీలో 5 శాతం కూడా అట్ట మీద ముఖం లేని వాద్యకారులకు, కోరస్ గాయకులకు వెళ్తుంది. దాంతో ఎవరూ కోటీశ్వరులు కారు. ఏటా ఒక చెక్కు వస్తుంది, అంతే.

ప్రతిభ ఉన్నవాడు ఎలాగూ పైకొస్తాడని ఇంకో మాట. మద్రాసు చూపిస్తారు: జి.కె.వెంకటేష్ దగ్గర గిటారు వాయించిన ఇళయరాజా 1976లో సంగీత దర్శకుడయ్యాడు. ‘రోజా’కు ముందు రెహమాన్ మన రాజ్-కోటికీ, రమేష్ నాయుడికీ కీబోర్డు వాయించాడు. నిజమే. కానీ వాళ్లు పైకొచ్చింది ఆ పని మానేసి వేరే పని పట్టాక. గొప్ప ఫ్లూటు వాద్యకారుడు ముప్పై ఏళ్లు ఫ్లూటే వాయిస్తే అది ఎదగకపోవడం ఎలా అవుతుంది? మద్రాసులో సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్ సినీ సంగీతకారుల సంఘం కట్టడానికి పూనుకున్నది ఎదిగి వెళ్లిపోయేవాళ్ల కోసం కాదు, ఉండిపోయేవాళ్ల కోసం. స్టూడియోలో అన్నేళ్లు కూర్చున్నాడు కనకే కాబోలు, రెహమాన్ తన క్యాసెట్ల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయించాడు. మన పరిశ్రమలో చాలామంది దాన్ని మంచి మర్యాదగా చూశారు తప్ప అనుసరించాల్సిన పద్ధతిగా చూడలేదు.

మర్యాదకు మించిన లెక్క అందులో ఉంది. అదే 2012 సవరణ ప్రదర్శకులకు కూడా వాణిజ్య వినియోగం మీద రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ ఒక మినహాయింపు పెట్టింది: సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, అప్రధానమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వేయరో, ఆ మనిషిని రాయల్టీ విషయంలో ప్రదర్శకుడిగా లెక్కించరు. పాటంతా నడిపించిన ఫ్లూటును అప్రధానమని ఎవరూ అనలేరు. అయినా పేరే లేనివాడు మొదట తను అప్రధానం కాదని రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే డబ్బు మాట. రోజు రేటు పెంచమని అడిగే సంఘాలు దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఏ పాటలో ఎవరు ఏం వాయించారో కాల్‌షీటు ముగిసే వేళకే కాగితం మీద రాసి నిర్మాత మనిషి సంతకం చేయాలి, పాట విడుదలైన ప్రతి చోటా ఆ పేర్లు ఎక్కించాలి. దానికి అయ్యే ఖర్చు ఒక గుమస్తా పావుగంట పని.