రేసు కారు చెప్పే మాట: అరకు ఘాట్‌లో పట్టంతా టైరుదే

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు జరిగింది. 18 మలుపుల ఆ ట్రాక్‌పై ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసంటే స్పీడే అనుకుంటాం. కానీ గెలుపోటములను తేల్చేవాటిలో ముఖ్యమైనవి రెండు: టైరు, గాలి.

ముందు టైరు సంగతి. మన కారు టైరు ఒక్కొక్కటి రోడ్డును తాకేది దాదాపు అరచేయంత చోటే. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా భారమంతా దాని మీదే. రేసు టైరు తగినంత వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటుంది. మరీ వేడెక్కితే పట్టు తప్పుతుంది. ఫార్ములా వన్‌లో మెత్తటి టైరుకు పట్టు ఎక్కువ, కానీ తొందరగా అరిగిపోతుంది. గట్టిది ఎక్కువసేపు వస్తుంది, పట్టు తక్కువ. ఏది ఎప్పుడు మార్చాలన్నదే అక్కడ పెద్ద లెక్క. ఫార్ములా ఈలో అయితే ఎండకూ వానకూ ఒకే రకం టైరు. పంక్చర్ లాంటిది అయితే తప్ప మధ్యలో మార్చరు.

ఇక గాలి. విమానం రెక్క పైకి లేపుతుంది. రేసు కారు రెక్క దాన్ని తిరగేసినట్టు ఉండి, కారును కిందికి నొక్కుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, టైరుకు పట్టు పెరుగుతుంది. ముందు కారుకు మరీ దగ్గరగా వెళ్తే గాలి చెదిరి ఆ పట్టు తగ్గుతుంది. కారు జారుతుంది, టైరు అరుగుతుంది.

మరి అరకుకీ దీనికీ ఏం సంబంధం అంటారా? విశాఖ నుంచి వెళ్తూ ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మన కార్లకు ఆ రెక్క సాయం లేదు. ఆ మలుపుల్లో మనల్ని రోడ్డు మీద నిలిపేది టైరే. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ దారిని తేలిగ్గా తీసుకోకూడదు.

అందుకే ఇంట్లోవాళ్లతో బయల్దేరే ముందు కొన్ని చూసుకోండి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చెక్ చేయించండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. సామానంతా పైన కట్టకండి, మలుపుల్లో బండి ఒరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగండి. ముందు బండికి దూరంగా ఉండండి.

రేసులో టైరు పోతే ట్రోఫీ పోతుంది. ఘాట్‌లో మన వెనక సీట్లో పిల్లలుంటారు.