పార్కును తాగేస్తున్న బోర్లు.. శాటిలైట్‌తో మీరే లెక్కకట్టండి!

స్పెయిన్ దక్షిణ తీరంలోని దొన్యానా నేషనల్ పార్క్ గురించి విన్నారా? గాలికి కదిలే ఇసుక దిబ్బలు, వాటి వెనకే చిత్తడి నేలలు, మడుగులు. లక్షల వలస పక్షులకు ఇదే మజిలీ. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోపలి ప్రాంతాన్ని సొంత కారులో చూడనివ్వరు. గైడ్‌తో, అనుమతి ఉన్న వాహనంలోనే వెళ్లాలి.

అయితే అసలు ముప్పు టూరిస్టులు కాదు, బోర్లు! చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటల కోసం భూగర్భ జలాలు తోడేస్తున్నారు. అనుమతి లేని బోర్లూ ఉన్నాయి. ఈ నీటిని కాపాడలేదని 2021లో యూరోపియన్ యూనియన్ కోర్టు స్పెయిన్‌ను తప్పుపట్టింది. కరువూ తోడై, 2022 వేసవిలో అక్కడి పెద్ద మడుగు సాంటా ఒలాయా ఎండిపోయింది.

ఇందులో మనకేం పని అంటారా? సెంటినెల్-2 శాటిలైట్ చిత్రాలు ఉచితం. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీనే. 2018 నుంచి ఏటా ఆగస్టు చిత్రాలు తీసుకుని, ఆ మడుగులో నీటి విస్తీర్ణం లెక్కించండి. చిత్తడి నేలలు ఏటా వేసవిలో ఎండుతాయి కాబట్టి వేర్వేరు నెలలను పోల్చొద్దు. జీఐఎస్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఈ మ్యాప్ గురించే ఎక్కువ మాట్లాడగలరు. ఈ వారాంతమే మొదలుపెట్టండి!