లైసెన్సు అడగని గాలం

సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన కట్టడాన్ని చూడగానే దాని స్తంభాలను, పునాదులను పరిశీలించడం ఇంజనీర్లమైన మాకు అలవాటు. లాస్ ఏంజెలెస్ సమీపంలోని శాంటా మోనికా పియర్ వద్ద మాత్రం మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినవి దాని చివర గాలాలు పట్టుకొని నిలిచిన మనుషులు, వారికి వర్తించే నిబంధనలు. తీరం నుండి సముద్రంలోకి స్తంభాలపై నిర్మించిన వంతెన వంటి కట్టడాన్ని అక్కడ పియర్ అంటారు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 16 సంవత్సరాలు నిండినవారు చేపలు పట్టాలంటే లైసెన్సు కొనాలి. ప్రభుత్వ యాజమాన్యంలో ఉండి, ఉచిత ప్రవేశం గల సముద్రపు పియర్‌పై నిలబడినవారికి మాత్రం అది అక్కరలేదు. అదే వ్యక్తి మెట్లు దిగి, ఇసుకపై నిలిచి, అదే నీటిలో గాలం వేస్తే లైసెన్సు చూపవలసిందే! వింతగా తోచవచ్చు గాని దీని వెనుక ఒక ఉదారమైన ఆలోచన ఉన్నది. ప్రభుత్వ భూములపై నుండి చేపలు పట్టుకొనే హక్కును 1910లోనే రాజ్యాంగంలో చేర్చుకొన్న రాష్ట్రమది. పడవ లేనివారికి, రుసుము భారమైనవారికి ఆ హక్కును అందుబాటులో ఉంచుతున్నది పియర్ మాత్రమే.

లైసెన్సు లేదన్నంత మాత్రాన అదుపు లేదనుకోరాదు. ఒక్కొక్కరు రెండు గాలాలకు మించి వేయరాదు. హాలిబట్ అనే బల్లపరుపు చేప 22 అంగుళాలకు తక్కువైతే తిరిగి నీటిలో వదలవలసిందే. లాబ్‌స్టర్ పట్టదలచినవారు పియర్‌పైన ఉన్నా ప్రత్యేకమైన కార్డు తీసుకొని, పట్టినవాటి లెక్క అందులో వ్రాయాలి. శాంటా మోనికాలో గాలాన్ని తలపై నుండి వెనుకకు తిప్పి విసరడం నిషిద్ధం. వెనుక నడిచేవారి కన్ను క్షేమంగా ఉండాలి కదా! 2014లో మాన్‌హట్టన్ బీచ్ పియర్ వద్ద గాలానికి చిక్కిన తెల్ల సొరచేప ఒక ఈతగానిని కరిచింది. ఆ నగరం కొంతకాలం పియర్‌పై చేపలు పట్టడాన్నే ఆపివేసింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల నిషేధం పడవల వేటకు సంబంధించినది. అక్కడి నిబంధన గాలం పట్టిన ఒక్కొక్క మనిషినీ లెక్కలోకి తీసుకొంటుంది.

ఈ నిబంధనలన్నీ చేపను, బాటసారిని, ఈతగానిని కాపాడేవి. చేపను ఇంటికి తీసుకొనిపోయి వండుకొనేవాని సంగతి వేరు. దానికి కొంత పూర్వచరిత్ర చెప్పుకోవాలి.

1909లో ప్రారంభమైన శాంటా మోనికా పియర్‌ను మొదట కట్టినది విహారానికి కాదు. నగరపు మురుగు గొట్టాలను అలల అవతలకు చేర్చడానికి. ఎంత చేర్చినా సముద్రం కలుపుకొంటుందన్న నమ్మకం ఆనాటి మన వృత్తివారిది. ఆ నమ్మకమే దక్షిణాన పాలోస్ వెర్డెస్ వద్ద మరింత ఘోరమైన రూపం దాల్చింది. మాంట్రోస్ అనే సంస్థ 1947 నుండి అక్కడికి సమీపంలో డి.డి.టి. తయారుచేసింది. దాని వ్యర్థాలు మురుగు గొట్టాల ద్వారా సుమారు 60 మీటర్ల లోతున సముద్రగర్భానికి చేరాయి. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించే నాటికే వందల టన్నుల విషం అడుగున బురదలో పేరుకొన్నది. ఆ పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుచేత అడుగు బురదలో మేత వెతికే వైట్ క్రోకర్ చేప శరీరంలోకి అది సులభంగా చేరుతుంది. ఆ క్రోకరే పియర్‌పై గాలానికి ఎంతో తేలికగా చిక్కే చేప కావడం దురదృష్టం.

పాలోస్ వెర్డెస్ పరిసరాలలో క్రోకర్‌ను వ్యాపారానికి పట్టడాన్ని 1990లో నిషేధించారు. అంటే బజారులో కొనేవానికి చట్టం అండగా నిలిచింది. పియర్‌పై పట్టుకొనేవానికి దొరికినది హెచ్చరిక బోర్డు మాత్రమే. శాంటా మోనికా నుండి సీల్ బీచ్ వరకు క్రోకర్‌తో సహా ఐదు రకాలను తినవద్దని ఆ సలహా. అది ఆజ్ఞ కాదు. పట్టినా, వండినా అడ్డగించేవారు లేరు. వినోదానికి వచ్చినవాడు బోర్డు చూసి చేపను వదిలివేయగలడు. రాత్రి కూరకు వచ్చినవాని పరిస్థితి అది కాదు. అతనికి ఇంగ్లీషు చదవడం రాకపోవచ్చును కూడా. ఉచిత హక్కును ఎవరికోసం నిలిపారో వారికే ప్రమాదం ఎక్కువ కావడం మాకు చాలా బాధాకరంగా తోచింది.

బోర్డుతో పని జరగదని అక్కడి అధికారులు గ్రహించిన మాట నిజం. పర్యావరణ సంస్థ తరఫున కార్యకర్తలు పియర్లకు వచ్చి, అనేక భాషలలో, బొమ్మలు చూపి గాలం వేసేవారితో మాట్లాడుతారు. తల, పేగులు, చర్మం, కొవ్వు తీసివేసి, కండను మాత్రమే వండుకోవాలని చెబుతారు. తల పులుసును ఇష్టపడే మనవంటివారికి ఇది కఠినమైన మాటే. ఇక క్రోకర్ దొరికితే దానిని శుభ్రపరిచే ప్రసక్తే లేదు. మళ్ళీ నీటిలో వదలమంటారు.