మీకు తెలుసా? గొంగడి కప్పుకున్న బేత్లెహేము

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో చిన్నపిల్లలున్న క్రైస్తవుల ఇళ్లకు మూడు రకాల సరుకు చేరుతుంది. వెదురు బద్దలు, రంగు కాగితాలు, వరిగడ్డి. మొదటి రెండింటికీ డబ్బులు పెట్టాలి. మూడోది తెలిసిన రైతును అడిగితే మోపు కట్టి ఇస్తాడు. సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం వరి కోతలు ఆ సరికి దాదాపు అయిపోయి ఉంటాయి మరి.

ఆ గడ్డి పశువుల పాకకు. బాల యేసు, మరియ, యోసేపు బొమ్మలు పెట్టడానికి ఇంట్లోనో, చర్చి ఆవరణలోనో కట్టే చిన్న పాక అది. ఈ అలవాటు మొదలైన చోటు బేత్లెహేము కాదు, ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊరు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అక్కడ ఒక గుహలో గడ్డి పరిచిన తొట్టి పెట్టి, నిజం ఎద్దును, నిజం గాడిదను తెచ్చి కట్టేయించాడు. పల్లె జనానికి యేసు పుట్టిన రాత్రిని కళ్లకు కట్టాలన్నది ఆయన ఆలోచన. బొమ్మల పాకలు ఆ తర్వాత వచ్చాయి.

మన పాకలో ఒక విశేషం ఉంది. పాక ముందు పచ్చిక కావాలి కదా. కొన్ని ఇళ్లలో పండుగకు పదిహేను రోజుల ముందే వడ్లు నానబోసి, గుడ్డలో మూటగట్టి మొలక రానిచ్చి, మట్టి పోసిన పళ్లెంలో చల్లుతారు. పొద్దున లేవగానే పిల్లలు పళ్లెం మీదికి వంగి చూస్తారు. మూడో రోజు తెల్లటి సూదుల్లా, వారం తిరిగేసరికి పచ్చగా, పండుగ నాటికి జానెడుకు కాస్త తక్కువగా నారు. సరిగ్గా అదే సమయానికి ఊరి బయట యాసంగి నారుమళ్లు పోస్తుంటారు. పొలంలో నాన్న చేసే పనినే పళ్లెంలో పిల్ల చేస్తుంటుంది. చలి ముదిరితే రెండు చోట్లా నారు ఎదగదు, రెండు చోట్లా దిగులే.

స్టార్ సంగతి. మన ఇళ్ల ముందు వేలాడే కాగితం నక్షత్రానికి ఒక చుట్టం జర్మనీలో ఉంది, పుట్టింది లెక్కల క్లాసులో! 1830ల్లో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవులు నడిపే మగపిల్లల బడిలో జామెట్రీ పాఠం కోసం పిల్లలతో చాలా కొమ్ములున్న నక్షత్రాన్ని కాగితంతో చేయించారు. అది పండుగ అలంకారమై ఊళ్లు దాటింది. మనవాళ్ల స్టార్‌కు కొమ్ములు అయిదే గాని అందులోనూ జామెట్రీ తక్కువేం లేదు. సమానంగా కోసిన పది పొడుగు బద్దలు, అయిదు పొట్టి పుల్లలు. అయిదు బద్దలు ఒకదాని మీదుగా ఒకటి పోయేట్టు పరిచి కొనలు కడితే ఒక నక్షత్రం. ఇంకో అయిదింటితో రెండోది. రెండింటినీ జోడించి కొమ్ములు బిగించి, నడుమ బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్ల పొట్టి పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. ఆ పొట్టలో బల్బు. మైదా ఉడికించిన బంకతో రంగు కాగితం అంటించడం పిల్లల వంతు, ఆ బంక జుట్టులోంచి వదిలించడం అమ్మ వంతు. ఫిలిప్పీన్స్‌లో పారోల్ అనే క్రిస్మస్ దీపాన్ని కూడా పది వెదురు బద్దలు, అయిదు పుల్లలతోనే కడతారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గాని, వెదురు పెరిగే దేశాల చేతులకు ఒకే లెక్క తట్టింది. ఇప్పుడు బజార్లో మడత విప్పితే చాలు, ఎల్‌ఈడీతో సహా స్టార్ తయారు. బాగానే వెలుగుతుంది గాని, దాంట్లో పిల్లలకు పనేం లేదు.

చెట్టు? మంచు దేశపు ఫర్ చెట్టు మూసీ ఒడ్డున ఎక్కడ దొరుకుతుంది! సర్వి కొమ్మ తెచ్చి బకెట్టులో ఇసుక పోసి నిలబెడతారు. చూడటానికి పైన్ చెట్టు తమ్ముడిలా ఉంటుంది, కాని దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. సర్వి పూలు పూసే చెట్ల జాతి. మనం ఆకులనుకునే ఆ సన్నటి పచ్చ సూదులు నిజానికి కొమ్మలు. అసలు ఆకులు ఒక్కో కణుపు దగ్గర పొలుసుల్లా అతుక్కుని ఉంటాయి. ఈ సంగతి వృక్షశాస్త్రం చదవకుండానే పిల్లలకు తెలుసు. సూదిని కణుపు దగ్గర పుటుక్కున లాగి, మళ్లీ అతుకు తెలియకుండా గుచ్చి, ‘ఎక్కడ విరిగిందో చెప్పు’ అని పందెం కాస్తారు. చెట్టు అలంకరించమని కూర్చోబెడితే సగం సేపు ఈ ఆటే.

ఇక నాటకం. చర్చిలో పిల్లలు వేసే క్రీస్తు జనన నాటిక చూడని క్రైస్తవుల ఇల్లు ఈ మూడు పట్టణాల్లో అరుదు. అందులో అందరికీ నచ్చే పాత్ర సత్రం యజమాని. తలుపు తీసి ‘గదులు లేవు, పోండి’ అంటాడు. లూకా సువార్త తెరిచి చూడండి, సత్రం ఉంది, చోటు లేదన్న మాట ఉంది, యజమాని మాత్రం లేడు! పాకలో మనం పెట్టే ఎద్దూ గాడిదా కూడా ఆ జనన కథలో ఎక్కడా కనపడవు. తొట్టి ఉంది కాబట్టి పశువులు ఉండే ఉంటాయని లోకం ఊహించుకుంది. ఒక ఏడు మా పిల్లల నాటికలో యజమాని వేషం వేసిన ఏడేళ్ల బుడతడు ‘గదులు లేవు’ అని చెప్పి ఊరుకోక, యోసేపు మొహం చూసి జాలేసిందేమో, ‘బస్టాండు పక్కన లాడ్జి ఉంది, ఆడ అడుగు’ అని దారి కూడా చూపించాడు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక మైకు పక్కకు తిప్పేశారు.

గొర్రెల కాపరుల వేషానికి మాత్రం మనకు అద్దె దుస్తులు అక్కర్లేదు. గొంగడి ఉంది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసినది, వానకు గొడుగు, చలికి దుప్పటి, కూర్చుంటే చాప. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి పెద్ద జాతర చేసే గొల్ల, కురుమల నేల ఇది. కాపరి ఎలా నిలబడతాడో, కర్ర ఏ చంకకు ఆనిస్తాడో పిల్లలకు ఒకరు నేర్పాలా? గుచ్చుకుంటుందని మాత్రం గోల పెడతారు.

ఆ నాటికలో చివరికి వచ్చేవాళ్లు ముగ్గురు జ్ఞానులు. ముగ్గురని మత్తయి సువార్తలో లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు. బంగారం, సాంబ్రాణి, బోళం. మొదటి రెండూ తెలుగింటి పిల్లలకు కొత్త కాదు, బోళం అంటే ఏమిటని మాత్రం తప్పకుండా అడుగుతారు. ముళ్ల పొద నుంచి కారి గడ్డకట్టిన బంక అది. మన పాత ఇంటి వైద్యంలో దానికి ఇంకో పేరుంది, బాలింతబోళం. పురుడు పోసుకున్న తల్లికి వాడే సరుకు కాబట్టి ఆ పేరు. బోళాన్ని మరణానికి గుర్తుగా చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను. కొత్త బాలింత ఉన్న ఇంటికి జ్ఞానులు బాలింతబోళం పట్టుకెళ్లారని మా అమ్మమ్మ చెప్పే అర్థమే నాకు ఇంకా నచ్చుతుంది. (ఈ కాలంలో డాక్టరును అడక్కుండా ఎవరికీ పెట్టకండి.) జ్ఞానుల రాకను తలచుకునే పండుగ జనవరి 6. ఆ పండుగ పేరే పెట్టుకున్న గుడి మనకు దగ్గర్లోనే ఉంది. డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్, ప్రతిష్ఠ జరిగిందీ 1939 జనవరి 6నే. కట్టించిన బిషప్ అజరయ్య హిందూ ఆలయ స్తంభాల తీరును, మసీదు కమానుల తీరును ఒకే కప్పు కిందికి తెచ్చారు.

‘సెమీ క్రిస్మస్’ అనే మాటను ఇంగ్లండు మనిషి దగ్గర అనండి, తెల్లబోతాడు. అది మనం కల్పించుకున్న ఇంగ్లీషు. 25వ తేదీ ఒక్కటే, ఒక్కో పాస్టరుకు ఊళ్లు మూడో నాలుగో. బడులేమో సెలవులిచ్చేస్తాయి. అందుకని డిసెంబరు మొదటి నుంచే బడికొకటి, ఆఫీసుకొకటి, ఊరికొకటి. కేకు కోసే నాయకులు కూడా తేదీలు పంచుకోవాలి కదా. పిల్లలకు ఇందులో నష్టమేం లేదు. ఒక్క పండుగకు నాలుగు కేకులు.

అదే నెల నడుమ ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, రాత్రి పదింటికి వీధిలో డోలక్కుతో క్యారల్స్. ఒకే వాడకట్టు, ఒకే చలి. పొద్దున కళ్లాపి చల్లి వేసిన ముగ్గులో నక్షత్రం కనిపిస్తే అది ఎవరి ఇల్లో చూసి చెప్పడం కష్టం.

ఆ క్యారల్స్ బృందంతో క్రిస్మస్ తాత వస్తాడు. ఎర్ర గౌను, దూది గడ్డం, ప్లాస్టిక్ మొహం. రెండేళ్ల పిల్ల అయితే ఆ మొహం చూసి కెవ్వుమని అమ్మ కొంగులో దూరుతుంది. అయిదేళ్లవాడు పైకి చూడడు, కిందికి చూస్తాడు. మా వాడు అలాగే చూసి, ‘తాత బాబాయ్ చెప్పులు ఏసుకొచ్చిండు’ అన్నాడు. బృందం మొత్తం పాట ఆపేసింది.

అసలు తాత కథ మనకు మరీ దగ్గరది. నాలుగో శతాబ్దంలో నేటి తుర్కియే తీరంలోని మైరా అనే పట్టణానికి నికొలస్ బిషప్పుగా ఉండేవాడు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి ఒకడు చితికిపోయి కట్నాలివ్వలేక కుమిలిపోతుంటే, ఆయన రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూటలు విసిరి వెళ్లాడని ఐతిహ్యం. రాత్రి రహస్యంగా బహుమతి పెట్టే అలవాటు ఆ కిటికీలోంచే వచ్చిందంటారు. క్రిస్మస్ తాత పుట్టింది కట్నం బాధలోంచి! ఆడపిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం కట్నం మాట దగ్గర కాస్త ఆగి, రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడండి.

పిండివంటల్లో పిల్లలకు అప్పగించదగ్గవి గవ్వలు. పిండి ఉండను కొత్త దువ్వెన పళ్ల మీద బొటనవేలితో నొక్కి చుడితే గీతల గవ్వ. గోవా క్రైస్తవులు క్రిస్మస్‌కు చేసే కల్‌కల్ కూడా ఇంతే. గులాబీ గుత్తుల దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వకూడదు. అచ్చును ముందు నూనెలోనే ఉంచి కాగనివ్వాలి, తర్వాత జారుడు పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. అంచు దాటి పైకి పిండి ఎక్కిందా, పువ్వు అచ్చును వదలదు. సరిగ్గా ముంచితే నూనెలో రెండుసార్లు ఆడించగానే తనంతట తానే జారి తేలుతుంది. ఆ పువ్వు విడిపోయే క్షణం కోసం పిల్లలు గుమ్మం దగ్గరే కాచుకుని ఉంటారు. విడవక విరిగినవన్నీ వాళ్లవే. మధ్యాహ్నానికి బగారన్నం, మటన్ కూర. ఇరుగుపొరుగుకు డబ్బాలు వెళ్తాయి. సంక్రాంతికి అవే డబ్బాలు సకినాలతో తిరిగి వస్తాయి.

ఈ ప్రాంతపు చర్చిల గురించి ఇంకో చిన్న సంగతి. నల్లగొండలో 1890లో బాప్టిస్టు మిషన్ తెరిచినవాడు అమెరికా మిషన్ తరఫున వచ్చాడు గాని అమెరికావాడు కాడు. అబ్రహాం ఫ్రీసెన్, రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన మెన్నొనైట్ శాఖ క్రైస్తవుడు. కాథలిక్కుల నల్లగొండ మేత్రాసనం (డయాసిస్) మాత్రం ఈ మధ్యదే, 1976లో వరంగల్ నుంచి విడిపోయింది.

సెలవులో మెదక్ వెళ్లే కుటుంబాలకు ఒక మాట. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన అక్కడి కెథీడ్రల్‌లో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. క్రీస్తు జననాన్ని చూపేది 1947 నాటిది, గీసింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. వెలుగు బయటి నుంచి పడాలి, లోపలి నుంచి చూడాలి. పొద్దుగూకాక చేరితే పిల్లలకు నల్లటి గాజే కనిపిస్తుంది. ఎండ ఉండగానే వెళ్లండి. తెలంగాణలో 26 కూడా సాధారణ సెలవే కాబట్టి తొందరేం లేదు. పాలేరు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేటలో ఉన్న చుట్టాలకు అది ఐచ్ఛిక సెలవు. కోదాడ పిల్లలు ఆ సంగతి ఫోను చేసి మరీ చెబుతారు.

జనవరి మొదటి వారానికి స్టార్ కాగితం మంచుకు తడిసి, ఎండకు వెలిసి, ఒక కొమ్ము చిరిగి ఉంటుంది. దించమని అమ్మ రోజూ అంటూనే ఉంటుంది. దించేది మాత్రం గాలిపటం కట్టాలని పెద్దోడికి తోచిన రోజు. బల్బు తీసి పక్కన పెడతాడు, కాగితం చింపేస్తాడు, పది బద్దల్లో నిటారుగా ఉన్న రెండు ఏరుకుని, మెట్ల మీద కూర్చుని చాకుతో సన్నగా చెక్కడం మొదలుపెడతాడు.