ఇంటి గుట్టు, ఊరి బడి

చేతిపనిలోని మెళకువలను కడుపున పుట్టినవారికి తప్ప పైవారికి చెప్పకపోవడం లోకంలో చాలా చోట్ల ఉన్న ఆనవాయితీయే. ఆ ఆనవాయితీని పక్కనపెట్టి, గడప తొక్కిన ప్రతివారికీ రుసుము లేకుండా నేర్పడాన్నే తన వ్యాపారానికి పునాదిగా చేసుకున్న నైజీరియా వస్త్ర కళాకారిణి నికే డేవిస్-ఒకుండాయే జీవితం, కళ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు ఒక అసాధారణమైన సమాధానం. 1951లో పుట్టిన ఈమె ఎంచుకున్న మాధ్యమం ‘అడిరె’ అనే నీలి వస్త్రం. ఆమెను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ గుడ్డను అర్థం చేసుకోవాలి.

నైజీరియా నైరుతి భాగంలో నివసించే యోరుబా ప్రజల భాషలో ‘అడి’ అంటే కట్టడం, ‘రె’ అంటే రంగులో ముంచడం. రంగు అంటకూడని చోట ఏదో ఒక అడ్డు పెట్టి, గుడ్డను నీలిమందులో ముంచి, ఆ తరువాత అడ్డు తొలగించడం ఇందులోని కిటుకు. ఆ అడ్డు ఏమిటన్నదాన్ని బట్టి దీనిలో రకాలు ఏర్పడ్డాయి. గింజలనో చిన్న రాళ్లనో గుడ్డలో పెట్టి రాఫియా అనే ఒక జాతి తాటి నారతో బిగించి కడితే అది ‘అడిరె ఒనికో’. మడతలు పెట్టి సూదితో దగ్గరగా కుట్టేస్తే ‘అడిరె అలబెరె’. కర్రపెండలం పిండిని పటికతోనూ మయిలుతుత్తంతోనూ ఉడికించిన గంజిని కోడి ఈకతో గుడ్డ మీద గీతలుగా దిద్దితే ‘అడిరె ఎలెకో’. ఈ మూడింటిలో ఎలెకో మాత్రమే చిత్రలేఖనానికి దగ్గరైనది. స్త్రీలు గుడ్డను గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో పక్షి, బల్లి, ఆకు, దువ్వెన, చెంచా వంటి ఆకృతులను నింపి, మొత్తం అమరికకు ఒక పేరు పెట్టేవారు. ఇబాడాన్ నగరం తీయనిదని అర్థం వచ్చే ‘ఇబాడాన్‌డున్’ అనే అమరికలో ఆ నగరపు మాపో హాలు స్తంభాలు కనిపిస్తాయి. ‘ఒలోకున్’ అనే మరొకటి సముద్రానికీ సంపదకూ అధిదేవత పేరు మోస్తుంది. బ్రిటిష్ రాజు అయిదవ జార్జి పాలన రజతోత్సవం 1935లో జరిగినప్పుడు ఆ రాజదంపతుల బొమ్మలు కూడా అడిరె మీదికి ఎక్కాయి. వలస పాలకుడి ముఖాన్ని కూడా ఒక నమూనాగా మార్చి నడుముకు చుట్టుకోగల నిబ్బరం ఆ స్త్రీలది.

నీలి రంగు తయారీ దీనికి మరో సగం. అక్కడ నీలినిచ్చేది ‘ఎలు’ అనే పాకుడు పొద. మన ప్రాంతంలో నీలిమందు తీసిన అవిరి మొక్కకు ఇది వేరైన జాతి. దాని లేత ఆకులను రోట్లో దంచి, ఉండలుగా చేసి ఎండబెట్టి, బూడిదను నీటితో వడగట్టగా వచ్చిన క్షారపు తేటలో వేసి, మట్టి బానల్లో రోజుల తరబడి పులియనిస్తారు. నీలి స్వభావం విచిత్రమైనది: అది నీటిలో కరగదు, పులిసినప్పుడు మాత్రమే కరిగే రూపంలోకి మారుతుంది, ఆ రూపంలో దానికి నీలం ఉండదు. అందువల్ల బానలోంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ ఆకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతుంది. ఒక్క ముంపులో వచ్చేది లేత నీలమే కనుక, నలుపుకు దగ్గరైన నిండు రంగు కావాలంటే ముంచడం, ఆరబెట్టడం పదేపదే జరగాలి. చివరకు కర్రతో బాది మెరుపు తెస్తారు. బాన ఎప్పుడు పండుతుందో, ఎప్పుడు చెడుతుందో చెప్పడం మనిషి చేతిలో లేదన్న భావంతోనే కావచ్చు, యోరుబా స్త్రీలు తమ వృత్తులకు ‘ఇయా మాపో’ అనే దేవతను రక్షకురాలిగా కొలిచారు.

ఇంతమాత్రం చేత అడిరెను అనాదిగా మార్పు లేకుండా వస్తున్న కళగా భావించడం పొరపాటు. గంజితో సన్నని గీతలు గీయడానికి వీలైన నునుపైన మిల్లు గుడ్డ వలస కాలంలో మాంచెస్టరు నుంచి దిగుమతి అయిన తరువాతే ఎలెకో వికసించింది. అబెయోకూటా పట్టణంలో పురుషులు రేకులలో నమూనాలు కత్తిరించి గంజిని పూసే పద్ధతిని ప్రవేశపెట్టారు. తరువాత కాస్టిక్ సోడా, కృత్రిమ నీలి వచ్చి పనిని వేగవంతం చేశాయి గాని నాణ్యతపై ఫిర్యాదులూ తెచ్చాయి. 1930ల్లో స్థానిక రాజు ‘అలాకే’ వాటిని నిషేధించగా, అద్దకపు స్త్రీలు సంఘటితమై, న్యాయవాదిని కూడా నియమించుకొని ఎదిరించారు. తమ బానలో ఏది వేయాలో తామే నిర్ణయించుకుంటామన్నది వారి పట్టు.

నికే పుట్టింది అద్దకపు పట్టణాలకు దూరంగా, నేటి కోగి రాష్ట్రంలోని ఒగిడి గ్రామంలో. ఆరేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకొని పెద్దల చేతుల మీద పెరిగిన ఆమెకు మగ్గమూ రంగూ అద్దకమూ తాతమ్మ దగ్గరే పట్టుబడ్డాయి. బడి చదువు ప్రాథమిక స్థాయితో ఆగిపోయింది. తండ్రి కుదిర్చిన పెళ్లి ఇష్టంలేక ఇల్లు విడిచి, ఊరూరా తిరిగే నాటక బృందంలో చేరి, చివరకు ఒషోగ్బో పట్టణం చేరుకున్నారు. ఆ రోజుల్లో ఒషోగ్బో ఒక అపూర్వ ప్రయోగశాల. ఉల్లీ బయ్యర్, జార్జినా బయ్యర్ అనే ఐరోపా దంపతులు అక్కడ నడిపిన కార్యశాలల్లో కళాశాల ముఖం చూడని యువకులు చిత్రకారులయ్యారు. ఆస్ట్రియా కళాకారిణి సుసాన్ వెంగర్ స్థానిక శిల్పులతో కలిసి పునరుద్ధరించిన ఒషున్ దేవత వనం 2005లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. బయ్యర్ దంపతుల కార్యశాలల నుంచి వచ్చి పేరుగాంచిన చిత్రకారుడు ట్విన్స్ సెవెన్ సెవెన్‌ను నికే వివాహమాడారు. ఆయన పలువురు భార్యలలో ఒకరిగా గడిపిన ఆ కాలాన్ని ఆమె జీవిత చరిత్రకారులు కష్టకాలంగానే నమోదు చేశారు. అయితే ఆ ఇంట్లోనే ఆమె ఇతర భార్యలకు బాతిక్, అంటే మైనం పూసి చేసే అద్దకం, నేర్పి వారిని సంపాదనపరులను చేశారు. పోటీదారుకు పని నేర్పితే తన గిరాకీ తగ్గుతుందన్నది సామాన్య వ్యాపార లెక్క. చేతిలో డబ్బులేని స్త్రీ ఒంటరిగా ఎదగలేదన్నది ఆమె లెక్క.

1974లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న హేస్టాక్ మౌంటెన్ చేతిపనుల పాఠశాలకు బోధకురాలిగా వెళ్లడం ఆమె ఆలోచనను మలుపు తిప్పింది. ఇంట్లో ఆడపిల్లలకు మామూలుగా అబ్బే పనిగా తాను చూసినది అక్కడ ఒక విద్యగా, గురుత్వానికి అర్హమైన పాండిత్యంగా గౌరవం పొందడం ఆమె గమనించారు. తిరిగివచ్చి 1983లో ఒషోగ్బోలో ‘నికే కళా సంస్కృతి కేంద్రం’ స్థాపించారు. తరువాత లాగోస్‌కూ స్వగ్రామం ఒగిడికీ ఈ కృషి విస్తరించింది. శిక్షణ ఉచితం, చేరేవారిలో ఉపాధి లేని యువత ఎక్కువ. ఖర్చును మోసేది ప్రధానంగా కళాఖండాల అమ్మకం. దీన్ని దానధర్మంగా వర్ణించడం పరిపాటి గాని, ఆ మాట పూర్తిగా సరిపోదు. నేర్చుకున్నవారి పనికి చోటు కల్పించి, కొనేవారిని వెతికిపెట్టి, అమ్మకంతో మళ్లీ శిక్షణ నడిపే ఈ చక్రం వ్యాపారమే. కాకపోతే ఇందులో పెట్టుబడి డబ్బు కాదు, తాతమ్మ నుంచి వచ్చిన మెళకువ. ఆ మెళకువను ఇంటి గుట్టుగా దాచి ఉంటే ఆమెకు మంచి ధరలు వచ్చి ఉండేవి. కళకు మాత్రం వారసులు మిగిలేవారు కాదేమో.

ఇదే పద్ధతిని ఆమె మరో దేశంలో కూడా ప్రయోగించారు. ఇటలీలో వ్యభిచార వృత్తిలో చిక్కుకున్న నైజీరియా స్త్రీలకు చేతిపనులు నేర్పడానికి 2000లో అక్కడికి వెళ్లగా, ఆ సేవకు ఇటలీ ప్రభుత్వం 2006లో పురస్కారం ఇచ్చింది. లాగోస్‌లోని లెక్కీ ప్రాంతంలో ఉన్న ఆమె బహుళ అంతస్తుల గ్యాలరీలో సుమారు 8,000 కళాఖండాలున్నాయని లెక్క. గోడ మీద ఖాళీ కనబడనంత దట్టంగా వేలాడే వాటిలో పేరున్నవారి పక్కనే పేరు తెలియనివారి పని ఉంటుంది. ఈ కిక్కిరిసిన అమరిక కళావిమర్శకులకు ఇబ్బందిగా తోచవచ్చు గాని, సంతకు అలవాటుపడిన కంటికి అందులో వింత లేదు.

తెలుగు పాఠకులకు ఈ గుడ్డ కథ పూర్తిగా పరాయిది కాదు. చీరాల చుట్టుపక్కల పల్లెల్లో నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు వ్యాపారుల ద్వారా పశ్చిమాఫ్రికాకు చేరేవి. నైజర్ డెల్టాలోని కలబరి ప్రజలు వాటిని ‘ఇంజిరి’ అని పిలుచుకొని, పెళ్లికీ చావుకూ తప్పనిసరి వస్త్రంగా స్వీకరించడమే కాక, వాటిలోంచి కొన్ని నూలు పోగులను సన్నగా కోసి తీసివేసి కొత్త నమూనా సృష్టించి దాన్ని తమ సొంత కళగా చేసుకున్నారు. నూనెలోనూ బూడిద నీటిలోనూ నానబెట్టిన నూలుతో, పోగులను ముందే కట్టి రంగులో ముంచి నేసే మన తేలియా రుమాలుకూ, నేసిన గుడ్డను కట్టి ముంచే ఒనికోకూ ఉన్న తేడా ఒక అడుగు మాత్రమే.

నేడు అడిరెకు ఎదురైన చిక్కు కాస్టిక్ సోడా కంటే పెద్దది. 1970ల నుంచి రసాయన రంగులతో, మైనపు అడ్డుతో చేసిన రంగురంగుల గుడ్డ ‘కంపాలా’ అనే పేరుతో వాడుకలోకి వచ్చింది. అది కూడా చేతిపనే కనుక దాన్ని అడిరె కుటుంబంలో చేర్చుకున్నారు. ఇప్పుడైతే అబెయోకూటాలోని ఇటోకు సంతకు చైనా యంత్రాలు అచ్చువేసిన అడిరె నమూనాల గుడ్డలు చేరుతున్నాయి. వాటిలో గంజి పగుళ్ల గుండా రంగు పాకిన సన్నని గీతలు సైతం యథాతథంగా ఉంటాయి. చేతిగుడ్డ ఖరీదు పెట్టలేనివారికి అవి అందుబాటులో ఉండటం తప్పని చెప్పడం కష్టమే. ఎలెకోలో గంజి ముందువైపు మాత్రమే ఉంటుంది కనుక వెనుకవైపు నీలం దాదాపు నిండుగా పరుచుకొని ఉంటుంది. అచ్చుగుడ్డ వెనుకభాగం మాత్రం వెలిసి కనిపిస్తుంది. అందుకే తెలిసిన కొనుగోలుదారు ముందుగా బొమ్మను చూడరు. గుడ్డ అంచు పట్టుకొని దాన్ని తిరగేస్తారు.