ఏడుకు చోటెక్కడ?

1979 మేలో అమెరికాలోని డెల్ సంస్థ పజిళ్ల పత్రికలో 'నంబర్ ప్లేస్' అనే కొత్త ఆట అచ్చయింది. తొమ్మిది అడ్డు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, వాటి మీద తొమ్మిదేసి గళ్లున్న తొమ్మిది చదరాలు. ఏ వరుసలోనైనా, ఏ చదరంలోనైనా 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే రావాలి. తయారుచేసినవారి పేరు ఆట దగ్గర వేయలేదు. చాలా ఏళ్ల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పజిళ్ల సంపాదకుడు విల్ షార్ట్జ్ ఆ పాత సంచికలు తిరగేశారు. ఆట ఉన్న ప్రతి సంచికలోనూ రచయితల జాబితాలో హోవర్డ్ గార్న్స్ పేరుంది. ఆట లేని సంచికల్లో ఆ పేరు లేదు. ఇండియానా రాష్ట్రానికి చెందిన గార్న్స్ ఆర్కిటెక్ట్‌గా పనిచేసి రిటైరైన మనిషి. తన ఆట ప్రపంచమంతా పాకడం చూడకుండానే 1989లో పోయారు. ఆయన్ని పట్టిచ్చిన తర్కం ఆయన ఆటలోదే కావడం నాకెప్పుడూ అబ్బురమే.

అంకె మళ్లీ రాకూడదన్న వరుసల నియమం పాతదే. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ 'లాటిన్ చతురస్రాల' పేరుతో దాన్ని పరిశీలించాడు. చిన్న చదరాలు వచ్చి చేరాకే ఆటకు ప్రాణం వచ్చింది. వరుస, చదరం ఒకదాన్నొకటి కోసుకునే చోట చాలా కిటుకులు పుడతాయి.

1984లో జపాన్‌లోని నికోలి సంస్థ ఈ ఆటను అందుకుంది. సుడోకు అని పేరు పెట్టింది అక్కడి మాకి కాజి. ముందుగా ఇచ్చే అంకెలు 32కి మించకూడదని, అవి పటంలో సౌష్ఠవంగా అమరాలని నికోలివాళ్లు నియమం పెట్టుకున్నారు. పజిళ్లను మనుషులే చేత్తో కూర్చేవారు. 1997లో టోక్యోలో ఒక పుస్తకాల షాపులో హాంకాంగ్ మాజీ జడ్జి, న్యూజిలాండ్‌వాసి వేన్ గూల్డ్ దీన్ని చూశారు. పజిళ్లు తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాయడానికి ఆయనకు ఆరేళ్లు పట్టింది. 2004 నవంబర్ 12న లండన్ టైమ్స్ మొదటి సుడోకు వేసింది. ఆ తర్వాత మన తెలుగు పత్రికల దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

తక్కువ అంకెలిస్తే పజిల్ కష్టమవుతుందని చాలామంది నమ్మకం. డబ్లిన్‌లో గణితవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం ఏడాదిపాటు కంప్యూటర్లు నడిపి, 16 అంకెలతో ఒకే జవాబున్న సుడోకు అసాధ్యమని 2012లో తేల్చింది. కనీసం 17 కావాలి. కానీ ఆ 17 అంకెల పజిళ్లలో సులువుగా తేలిపోయేవి చాలానే ఉన్నాయి. ఎన్ని అంకెలిచ్చారన్నది కాదు, ఎలాంటి ప్రశ్న అడిగితే దారి దొరుకుతుందన్నదే పజిల్ కష్టాన్ని తేలుస్తుంది.

సగం నిండాక పెన్సిల్ ఆగిపోయిందంటే, మనం ఒకే రకం ప్రశ్న దగ్గర తిరుగుతున్నామని అర్థం. ఖాళీ గడిని చూసి 'ఇక్కడ ఏ అంకె?' అని అడుగుతాం. గళ్లు 81 కాబట్టి అలాంటి ప్రశ్నలు 81. 'ఈ అడ్డు వరుసలో 7 ఎక్కడ?' అన్నది వేరే ప్రశ్న. తొమ్మిది వరుసలు, తొమ్మిది అంకెలు కలిపి అవీ 81. నిలువు వరుసలకు మరో 81, చదరాలకు మరో 81. మొత్తం 324. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు సుడోకును ఇలాగే రాసుకుంటారు. డొనాల్డ్ క్నూత్ 2000లో 'డాన్సింగ్ లింక్స్' అని వివరించిన పద్ధతిని దీనికి వాడితే, అది నాలుగు రకాల ప్రశ్నలనూ ఒకే కంటితో చూస్తుంది. అతి తక్కువ అవకాశాలు మిగిలిన ప్రశ్ననే ముందు పట్టుకుంటుంది. మనిషి కూడా చేయాల్సింది అదే.

అందుకు ముందు ప్రతి ఖాళీ గడిలో వీలున్న అంకెలన్నీ మూలల్లో చిన్నగా రాసుకోవాలి. విసుగైన పనే, కానీ ఇది ఎగ్గొట్టి కష్టమైన పజిల్ విప్పడం దాదాపు అసాధ్యం. ఇప్పుడు ఒక అడ్డు వరుసలో మూడో గడిలోనూ ఎనిమిదో గడిలోనూ 4, 9 తప్ప మరేమీ మిగల్లేదనుకుందాం. ఏది ఎక్కడో తెలియదు, తెలియనక్కర్లేదు. రెండు సీట్లకు ఇద్దరు ప్రయాణికులు కుదిరిపోయారు. ఆ వరుసలో మిగతా గళ్లలోంచి 4, 9 కొట్టేయవచ్చు.

ఇదే వాదాన్ని తిప్పి చూడండి. రెండో అడ్డు వరుసలో 7 మూడో గడిలోనో ఎనిమిదో గడిలోనో మాత్రమే పడుతుంది. ఆరో అడ్డు వరుసలోనూ అంతే. రెండు వరుసలకు రెండు ఏడులు కావాలి, వాటికున్నవి మూడో, ఎనిమిదో నిలువు వరుసలే. ఆ రెండు నిలువు వరుసల ఏడులు ఈ నాలుగు గళ్లలోనే ఖర్చయిపోతాయి. కనుక వాటిలో మిగతా గళ్లన్నిటిలోంచి 7 కొట్టేయాలి. దీన్ని ఎక్స్-వింగ్ అంటారు, నిపుణుల విద్య అని భయపడతారు. నిజానికి ఇంతకుముందు చేసిన జంట లెక్కే ఇది. అక్కడ రెండు గళ్లు రెండు అంకెలను పంచుకున్నాయి, ఇక్కడ రెండు అడ్డు వరుసలు రెండు నిలువు వరుసలను పంచుకున్నాయి. ఈ పోలిక ఒకసారి కనిపించాక కిటుకుల పేర్లు బట్టీ పట్టే అవసరం తగ్గిపోతుంది.

ఇక్కడా దారి మూసుకుంటే చాలామంది ఊహకు దిగుతారు. ఒక గడిలో 2 అనుకుని రాస్తూ పోతే జవాబు రావచ్చు. ఎందుకు వచ్చిందో మాత్రం తెలియదు, తప్పయితే చెరిపేయడానికి చాలా ఉంటుంది. రెండు దారులనూ చూసి అవి ఎక్కడ ఏకమవుతాయో కనిపెట్టడం నా దృష్టిలో అంతకన్నా ఎంతో ఉన్నతమైన పని. ఒక గడిలో 2, 5 ఉన్నాయి. అదే అడ్డు వరుసలో మరో గడిలో 2, 8. అదే నిలువు వరుసలో ఇంకో గడిలో 5, 8. మొదటి గడి 2 అయితే, అడ్డు వరుసలోది 8 కాక తప్పదు. 5 అయితే నిలువు వరుసలోది 8. ఏమైనా ఆ రెంటిలో ఒకటి 8 అవుతుంది. కాబట్టి ఆ రెండింటికీ ఎదురయ్యే నాలుగో మూల గడిలో 8 ఉండదు. అక్కడ కొట్టేశాక ఆ గడి ఉన్న అడ్డు వరుసను, నిలువు వరుసను, చదరాన్ని '8 ఎక్కడ?' అని మళ్లీ మొదటినుంచి అడగాలి.