పదాల ఆట మంచిదే.. మతిమరుపుకు మందు మాత్రం కాదు

ఐదక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి చెప్పండి. అందులో ఆర్, ఏ, ఐ, ఎన్ నాలుగూ ఉండాలి. ‘ట్రెయిన్’ చాలామందికి వెంటనే తడుతుంది. కాస్త ఆలోచిస్తే ‘గ్రెయిన్’, ‘డ్రెయిన్’, ‘బ్రెయిన్’ కూడా దొరుకుతాయి. పత్రికల్లో గళ్ల నుడికట్టు నింపే అలవాటున్న వారికి ఈ సరదా కొత్తేమీ కాదు. 2021లో వచ్చిన ‘వర్డల్’ దీన్నే ఫోన్‌లోకి తెచ్చింది. ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి.

ఈ ఆటల మీద ఇప్పుడు ఇంకో ఆశ కూడా పెట్టుకుంటున్నారు. సంగం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి పెద్దవాళ్లను ఓపీకి తీసుకొచ్చే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: ‘‘మా నాయన ఈమధ్య అన్నీ మరిచిపోతా ఉండాడు సార్. ఫోన్‌లో ఈ పదాల ఆట ఆడిస్తే తగ్గుతుందా?’’

మెదడు మాటను ఎలా వెతుకుతుంది?

మీరే ఒక నిమిషం ప్రయత్నించి చూడండి. ముందు జంతువుల పేర్లు చెప్పండి. ఆవు అనగానే గేదె, మేక, గొర్రె ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. తర్వాత ‘మ’తో మొదలయ్యే మాటలు చెప్పండి. నాలుగైదు మాటల తర్వాత వేగం తగ్గుతుంది. ఎందుకంటే మెదడు మాటలను ఎక్కువగా అర్థాన్నిబట్టి ముడివేసి దాచుకుంటుంది. అక్షరాన్నిబట్టి వెతకాలంటే నిబంధన గుర్తుంచుకోవాలి, పనికిరాని మాటలను పక్కకు నెట్టాలి. నుదుటి వెనుక ఉండే మెదడు భాగానికి ఇందులో ఎక్కువ పని.

మతిమరుపును పరీక్షించేటప్పుడు వైద్యులు ఈ రెండు రకాల ప్రశ్నలూ అడుగుతారు. అల్జీమర్స్‌లో సాధారణంగా జంతువుల పేర్లు చెప్పడమే ఎక్కువగా దెబ్బతింటుంది. అయితే పరీక్ష రోగికి బాగా వచ్చిన భాషలోనే జరగాలి. ఇంగ్లిష్‌లో ప్రసిద్ధమైన అడెన్‌బ్రూక్స్ పరీక్షను అందుకే తెలుగువారికి తగ్గట్టు మార్చుకున్నారు. బడి ముఖం చూడని అవ్వ ఇంగ్లిష్ మాట చెప్పలేకపోతే అది జబ్బు లక్షణం కాదు.

ఆడితే ఎంత లాభం?

అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిపై చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఒక బృందానికి జ్ఞాపకశక్తిలో, ఒక బృందానికి తర్కంలో, మరో బృందానికి చూసి త్వరగా గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. ఎవరు దేంట్లో సాధన చేశారో దాంట్లోనే మెరుగయ్యారు. రెండేళ్లు గమనించినా రోజువారీ పనుల్లో తేడా కనిపించలేదు. అంటే పదాల ఆట రోజూ ఆడేవారు పదాల ఆటలో ఆరితేరతారు. మాత్ర వేసుకున్నామా లేదా అన్నది కూడా దాంతో గుర్తుంటుందని చెప్పలేం. ఆట వల్ల నష్టం లేదు, ఇష్టమైతే హాయిగా ఆడనివ్వండి. దాన్ని చికిత్స అనుకుని డాక్టర్‌కు చూపించడం వాయిదా వేస్తేనే నష్టం.

ఇంగ్లిష్ రాకపోయినా..

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండో భాషే దీనికి కారణమని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ మెదడుకు పని చెప్పడానికి ఇంగ్లిష్ అక్షరాలే అక్కర్లేదని అర్థమవుతోంది. ఉదయగిరిలో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే పెద్దాయన మెదడు రోజంతా సరైన మాటను వెతుకుతూనే ఉంటుంది.

ముందు ఇవి చూపించండి

* పేరు మరిచిపోయి కాసేపటికి గుర్తు తెచ్చుకోవడం వయసుతో వచ్చేదే. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క తెలియకపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం ఉంటే పరీక్ష అవసరం.

* థైరాయిడ్ లోపం, బి12 లోపం, కుంగుబాటు, నిద్రలేమి, కొన్ని రకాల మందులు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిని సరిచేస్తే చాలామందిలో మెరుగుదల ఉంటుంది. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి.

* వినికిడి, చూపు పరీక్షించండి. మాట సరిగా వినపడని మనిషి పలకరింపులకు దూరమవుతాడు. దాన్ని ఇంట్లోవాళ్లు మతిమరుపు అనుకుంటారు.

* బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలి. పొగ మానాలి, రోజూ నడవాలి. 14 ముప్పు కారకాలను తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ తెలిపింది. ఇప్పుడు చెప్పినవన్నీ వాటిలో ఉన్నాయి.

ఉన్నట్టుండి మాట పోతే ఆగొద్దు

మతిమరుపు నెలల తరబడి మెల్లగా వస్తుంది. పేపరు చదువుతున్న మనిషికి ఉన్నట్టుండి మాట తడబడినా, మాటలు కలగాపులగమైనా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. పడుకుంటే సర్దుకుంటుందని చూడొద్దు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే. వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసుకోండి. ఉదయగిరి నుంచి నెల్లూరు చేరడానికే చాలా సమయం పడుతుంది కాబట్టి అక్కడివారికి ప్రతి నిమిషమూ ముఖ్యమే.

మీ నాన్నకు ఫోన్‌లో ఆట పెట్టిచ్చి లేచిపోకండి. పక్కన కూర్చుని తెలుగు పజిల్ ఇద్దరూ కలిసి నింపండి. ఆయన చేసిన సేద్యం గురించో, ఉద్యోగం గురించో అడిగి చెప్పించుకోండి. ఒంటరితనం కూడా ఆ 14 ముప్పుల్లో ఒకటే.